వస్తానన్న ఆటో

బందరులో దొరల సమాధుల దగ్గర దీపాలు పెట్టే వేళ దాటాక ఎవరూ ఆగరు. ఎప్పుడో ఓ దొరసాని, ఓడెక్కి వెళ్ళిన మొగుడి కోసం అక్కడే కూర్చుని కూర్చుని ప్రాణం వదిలిందట. ఇప్పటికీ దారిన పోయే ఏ బండి చప్పుడైనా ఆయనదే అనుకుని లేచి వస్తుందని—

ఊరంతా హడల్. నాకు కాదు. ముప్ఫై రెండేళ్ళు లైన్‌మన్‌గా చేశాను. తుఫాను రాత్రి స్తంభం మీద, పదకొండు వేల వోల్టుల తీగని పళ్ళతో పట్టుకుని, రెండు చేతులతో తీరిగ్గా బీడీ వెలిగించుకున్న మనిషిని.

పోయిన డిసెంబరులో, రాత్రి ఏడున్నరకి, గిలకలదిండి నుంచి వస్తున్నాను. నా టీవీఎస్ వెనకాల, మా వీధికి చేపలు తెచ్చే జీవరత్నం. ఒళ్ళో ఖాళీ గంప. సరిగ్గా సమాధుల గేటు ముందు... బండి ఆగిపోయింది.

“ఏంటండీ రావుగారూ, ఆపేశారు?”

“నేనాపలేదు. అదే ఆగింది.”

“మీ చెయ్యి బ్రేకు మీదుందండీ.”

చూస్తే నిజమే. నా కంటే ముందు నా చేతికి తెలిసిపోయిందన్న మాట!

గేటు లోపల... నల్లరాతి సమాధి మీద... ఒక ఆడమనిషి. తెల్లబట్టలు. ఎండుగడ్డి రంగు జుట్టు, విరబోసుకుని ఉంది. పాదాలు చీకట్లో కనపడలేదు.

బండి దీపం పడగానే లేచింది. ఒక్కో అడుగే వేసుకుంటూ గేటు దాకా వచ్చి, ఊచలు పట్టుకుంది.

“వస్తా... అన్నాడు,” అంది, తెలుగులోనే. “రాలేదు.”

నా గుండె ఆగిపోయిందని జీవరత్నం ఊరంతా చెప్పుకుంటోంది. అబద్ధం. అలాంటి చోట చప్పుడు చెయ్యకూడదని నేనే ఆపాను.

“ఎవరమ్మా... రానిది?” అన్నాను. గొంతు కొంచెం సన్నగా వచ్చి ఉండొచ్చు.

“ఆటో!”

జీవరత్నం బండి దిగి, గంప నా నెత్తిన పెట్టి, వెళ్ళి ఆమె చెయ్యి పట్టి చూసింది.

“వెచ్చగానే ఉందండీ. దోమలు కూడా కుట్టాయి. దెయ్యాన్ని దోమ కుడుతుందా?”

పేరు మార్లీస్. హాలెండు నుంచి ఒక్కతే వచ్చింది. బందరులో ఇది మొదటి రోజు. వాళ్ళ పూర్వీకుడెవరో ఇక్కడే మట్టిలో కలిశాడట, ఆయన పేరున్న రాయి చూద్దామని. నాలుగు నెలలు ఫోన్లో తెలుగు నేర్చుకుందట... అచ్చు పాఠ్యపుస్తకం తెలుగు. ఆ తెలుగులోనే పొద్దుట్నించీ పడ్డ పాట్లు ఏకరువు పెట్టింది.

“లాడ్జి మనిషి ‘వస్తానండి’ అన్నాడు. నేను ఒక గంట వేచి ఉన్నాను. టీ కొట్టు దగ్గర పెద్దాయన ‘వస్తానమ్మా’ అన్నాడు. ఆయన కోసం నేను రెండో టీ తాగాను! ఆటో గంగాప్రసాద్ నన్ను ఇక్కడ దింపి ‘వస్తానండి’ అన్నాడు. వస్తాడు కదా అని బ్యాగు ఆటోలోనే ఉంచాను. అందులో నా పాస్‌పోర్టు ఉంది! ఫోన్లో ఛార్జింగ్ లేదు. మూడు గంటలు! ఈ ఊరిలో అందరూ ఎందుకు అబద్ధం చెబుతారు?”

పిడికిలితో గేటు మీద ఒక్కటిచ్చింది. కళ్ళనీళ్ళు తిరిగాయి, కోపంతోనో నొప్పితోనో.

జీవరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అయ్యో పిచ్చితల్లీ! వస్తానంటే... వెళ్తున్నానని!”

“అయితే వెళ్తానని చెప్పవచ్చు కదా?”

“ఛ ఛ! వెళ్ళేటప్పుడు ఎవరన్నా వెళ్తానంటారా? మళ్ళీ రామన్నట్టు కదూ.”

“మరి నిజంగా వచ్చేటప్పుడు ఏమంటారు?”

“వస్తున్నా అంటాం.”

మార్లీస్ తల పట్టుకుంది.

బ్యాగు సంగతి నాకొదిలేయమన్నాను. బందరు నుంచి బెజవాడ బెంజ్ సర్కిల్ దాకా నాకు తెలియని ఆటోవాడు పుట్టలేదు. పుడితే నాకు చెప్పే పుడతాడు. గంగాప్రసాద్‌కి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

“ఒరే, సాయంత్రం సమాధుల దగ్గర దింపిన ఫారిన్ అమ్మాయి బ్యాగు నీ ఆటోలో ఉందా?”

“ఉందండీ రావుగారూ! ఆరింటికి చూసుకుని వెంటనే తిరిగెళ్ళా. గేటు బయటే కూర్చుని ఉన్నారు. ఎక్కించుకున్నా.”

“ఎవర్నిరా?”

“ఆ అమ్మగారినేనండీ. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని వెనకాల కూర్చున్నారు. లాడ్జి పేరు అడిగితే చెప్పరు, గంటన్నర నుంచి ఊరంతా తిప్పుతున్నా. విసుగొచ్చేసిందండీ. ఎక్కడ దింపాలో కాస్త మీరన్నా చెప్పండి.”

జీవరత్నం నా చొక్కా పట్టుకుంది. ఆ ఒక్క క్షణం మాత్రం నేనూ ఆవిడ కొంగు పట్టుకున్నానని ఒప్పుకుంటాను.

మార్లీస్‌కి సగమే అర్థమైంది. బ్యాగు ఉందన్న సగం. నా చేతిలో ఫోను లాక్కుంది.

“గంగాప్రసాద్! నేను మార్లీస్! ఇక్కడే, సమాధుల దగ్గరే ఉన్నాను! నా బ్యాగు తీసుకురా!”

అవతల ఆటో ఇంజిన్ ఆగిపోయింది. తర్వాత గంగాప్రసాద్ గొంతు, వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడకూడదన్నట్టు—

“రావుగారూ... ఫోన్లో మాట్లాడుతోంది ఎవరండీ?”