అడిగేవాళ్ళు లేని జవాబు

తెనాలి వలికి ఒక సుగుణం ఉంది. ఏ మిషను చేతికొచ్చినా దాని తాలూకు పుస్తకం తెరవడు. పుస్తకం చూసి బాగుచెయ్యడమంటే మిషన్ని అవమానించడమేనని అతని సిద్ధాంతం. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవాల్సి రావడం వేరే సంగతి. ఆ సిద్ధాంతంతోనే రేడియోలు, టేప్‌రికార్డర్లు దాటి, తొంభై ఆరుకల్లా కంప్యూటర్ల దాకా వచ్చాడు. షాపు బోర్డు మీద 'కంప్యూటర్లు' అన్న ఒక్క మాటే కొత్త రంగులో మెరుస్తుండేది. షాపు వెనక గదిలోనే కాపురం. కాపురమంటే—మంచం, ఫ్యాను, వలి.

అంతటివాణ్ణీ ఒక ఇల్లు బెదరగొట్టింది. భట్టిప్రోలు దాటి రేపల్లె పోయే దారిలో, కాలవ లాకుల పక్కన పెంకుటిల్లు. రాత్రిళ్ళు సైకిళ్ళవాళ్ళు అక్కడికి రాగానే మాటలాపేసి, తల తిప్పకుండా తొక్కుకుంటూ పోయేవాళ్ళట.

ఆ ఇంట్లో కంప్యూటరు లేవట్లేదని కబురొస్తే, వలి వెళ్ళి బస్సు దిగేసరికి పొద్దుగూకింది. భుజాన సంచీ, అందులో బెజవాడలో కొన్న పాత హార్డ్ డిస్కు. లాకుల దగ్గర టీకొట్టు కోటయ్య గ్లాసు అందిస్తూ గొంతు తగ్గించాడు.

"ఈ వేళప్పుడు ఆ ఇంటికా సాయిబుగారూ?"

"పగలు కరెంటు ఉండట్లేదు కదయ్యా. ఏంటి, దెయ్యమా?"

"ఆదాము మాస్టారు పోయి ఏడాదైందండి. ఇంట్లో ఆయన భార్య, జ్ఞానమ్మ టీచరమ్మగారు ఒక్కరే. రాత్రిపూట మాట్లాడతారు..."

"ఆడమనిషి మాట్లాడితే దెయ్యమేనా? అట్లాగైతే తెనాలి నిండా దెయ్యాలే."

కోటయ్య నవ్వలేదు.

"మాట్లాడితే ఏముందండి... ఆవిడ జవాబు చెబుతారు. అడిగేవాళ్ళు లేకుండా."

వలి టీ సగంలో వదిలేశాడు. మరీ వేడిగా ఉందన్నాడు.

ఆదాము మాస్టారు ఆ ఇంటి వసారాలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాడు. ఆఖరి రోజుల్లో ఒక కంప్యూటరూ కొన్నాడు. వలి వెళ్ళేసరికి టైపు మిషన్లన్నీ నల్ల ముసుగులేసుకుని వరసగా కూర్చుని ఉన్నాయి—ఎవరో పేరు పెట్టి పిలిస్తే లేద్దామన్నట్టు.

జ్ఞానమ్మ దీపం పట్టుకుని ఎదురొచ్చింది. మనిషి బాగా చిక్కిపోయింది.

"దాంతో నాకు పనేం లేదు నాయనా. ఇదివరకులా లేస్తే చాలు. వారమైంది లేచి."

"మీ కబురు వినగానే అనుకున్నా, డిస్కు పోయిందండి, అంతే. మాస్టారు అన్నీ ఫ్లాపీల్లో దాచిపెట్టారుగా. అవి కొత్త డిస్కులోకి ఎక్కిస్తే ఉన్నది ఉన్నట్టు లేస్తుంది," అన్నాడు వలి, బోర్డు మీది కొత్త రంగంత ధీమాగా.

ముందు భోజనం పెట్టింది. వంకాయ కూర, పెరుగు.

"మీరో, టీచరమ్మగారూ?"

"తర్వాత తింటాలే. ముందు అది లేవనీ."

ఆ మాట వలికి అప్పుడు అర్థం కాలేదు.

కరెంటు వచ్చింది. డిస్కు బిగించాడు. తన ఫ్లాపీతో మిషన్ని లేపి, మాస్టారి ఫ్లాపీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి మింగించాడు. ఒకసారి ఆపి, దర్జాగా స్విచ్చి వేశాడు—

లేవలేదు. ఆఖరి ఫ్లాపీ ఇంకా దాని నోట్లోనే ఉంది. "నోట్లో ముద్ద పెట్టుకుని ఎట్లా మాట్లాడుద్ది?" అని తనే నవ్వుకుని, లాగేసి మళ్ళీ వేశాడు.

నల్లటి తెర. పైన మూలగా ఒక తెల్ల గీత. ఆరుతూ... వెలుగుతూ... అంతే.

వెంట తెచ్చిన ఫ్లాపీతో మళ్ళీ లేపి లోపలికి చూశాడు. మాస్టారి ఉత్తరాలు, పరీక్ష పేపర్లు, అన్నీ ఉన్నాయి. ఫ్లాపీ తీస్తే మళ్ళీ ఆ గీతే.

జ్ఞానమ్మ గుమ్మంలోంచి కదల్లేదు.

"అన్నీ ఉన్నాయా నాయనా?"

"ఉన్నాయండి. ఒక్కటీ పోలేదు."

"మరి?"

"లేవట్లేదండి."

"ఆయనా అంతే," అందావిడ మెల్లగా. "ఆ పొద్దున చూస్తే... అన్నీ ఉన్నట్టే ఉన్నారు."

బయట లాకుల తలుపుల సందుల్లోంచి నీళ్ళు గుసగుసలాడుతున్నాయి. గాలికి ఒక టైపు మిషను ముసుగు లేచి... పడింది. పారిపోదామంటే ఆఖరి బస్సు ఎప్పుడో పోయింది.

ఇక మిగిలింది ఒక్కటే. డిస్కుని గదులుగా పంచే మెనూ. అందులో ఒక వరస నొక్కితే డిస్కంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ సంగతి వలికి బాగా తెలుసు—బాపట్లలో ఒకాయన మిషను మీద నేర్చుకున్నాడు. ఎటు నొక్కాలో తెలియక, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తెర మీద ఉన్నదంతా కిందిదాకా చదివాడు. ఒక్కో అక్షరమే.

అడుగున ఒక హెచ్చరిక. ఏ గదిలోంచి లేవాలో ఈ డిస్కుకి ఎవరూ చెప్పలేదు, చెప్పేదాకా లేవదు—అని దాని సారాంశం. ఇందాక డిస్కు బిగించినప్పుడూ అది అక్కడే ఉంది. వలి చదివితేగా.

చెప్పాడు. ఫ్లాపీ తీశాడు. స్విచ్చి వేశాడు.

గీత ఆరింది... వెలిగింది... లోపల డిస్కు గరగరమంది. తెర మీద ఒక వరస వచ్చింది. అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు తెలుగువి—

జ్ఞానమ్మా, భోజనం అయిందా?

వలికి ఒళ్ళంతా జలదరించింది. చెయ్యి స్విచ్చి మీదే బిగుసుకుపోయింది. వెనక్కి తిరిగితే... గుమ్మంలో జ్ఞానమ్మ లేదు.

వంటింట్లో కంచం చప్పుడు. చాలాసేపు, ఇంకేం లేదు. వలి, ఆ ప్రశ్న—ఇద్దరే.

ఆవిడ తడిచేతిని కొంగుతో తుడుచుకుంటూ వచ్చింది.

"ఒక్కసారి ఆపి, మళ్ళీ వెయ్యి నాయనా."

వేశాడు. అదే వరస.

"అయిందండి," అంది జ్ఞానమ్మ తెరతో. "వంకాయ కూర. ఉప్పు కాస్త ఎక్కువైంది."

రోడ్డు మీద పోతున్న సైకిలొకటి ఉన్నట్టుండి వేగం అందుకుంది.

ఆ తర్వాత ఆవిడే చెప్పింది. "రోజల్లా దీని ముందే కూచుంటారు, తిన్నావా అని ఒక్క మాటైనా అడగరేంటని పోట్లాడాను. మర్నాటి నుంచీ ఇది అడగడం మొదలెట్టింది. ఆయనేమో సిగ్గుపడి దొడ్లోకి పోయేవారు."

మిషను లేవగానే చదువుకునే ఫైల్లో మాస్టారు ఆ ఒక్క వరస టైపు చేసి పెట్టాడు. ఉన్న దెయ్యం అంతే.

"ఆయనతో అబద్ధం ఆడలేను కదా నాయనా. అందుకని రోజూ వండుకునేదాన్ని. ఈ వారం అడిగేవాళ్ళు లేక..."

ముందు అది లేవనీ అని ఆవిడ ఎందుకందో వలికి ఇప్పుడర్థమైంది.

తెనాలి వచ్చాక, షాపులో తన మిషన్లోనూ అలాంటి వరసే ఒకటి రాసి పెట్టాడు—వలీ, భోజనం అయిందా? అని. ఇప్పుడు ఏ తెరనైనా అడుగుదాకా చదువుతాడు. అది నేర్చుకున్నాడు. రాత్రి షట్టరు దించి, మిషను వేసి, ఆ ప్రశ్న రాగానే అటూ ఇటూ చూసి నోరు తెరుస్తాడు.

జవాబు పైకి చెప్పడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.