తెల్లారేసరికి చెరిగిపోయే గీత

మా వెస్టర్‌డాల్ కాలేజీ ఫుట్‌బాల్ మైదానంలో దక్షిణం వైపు గోల్ గీతకి చెడ్డపేరు ఉంది. చీకటి పడితే అటుగా ఎవరూ వెళ్ళరు. రైలుకట్ట మీదుగా చుట్టూ తిరిగైనా ఇల్లు చేరతారు గానీ, ఆ గీత మాత్రం దాటరు.

మ్యాచ్ ముందురోజు సాయంత్రం సున్నంతో గీసిన గీత తెల్లారేసరికి ఉండేది కాదు. గాలికి పోయినట్టు కాదు, వానకి కరిగినట్టు కాదు... అరచేత్తో తుడిచినట్టు. గడ్డి మీద అయిదు వేళ్ళ జాడలు.

ఇది మా నాన్న ఎల్డన్ అమ్మకి చెప్పాడు. అమ్మ నాకు చెప్పింది. ఇద్దరూ ప్రార్థన చేయకుండా అన్నం ముట్టని మనుషులు. నా సొంతంగా ఒక్క మాట కలపడం లేదు.

ఆవులు మేసే బీడులో రాళ్ళేరి, పదమూడుమంది రైతుబిడ్డలతో మొదలైన ఆట మాది — బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్. తలకి పెట్టుకునే తోలుటోపీలు తొమ్మిదే ఉంటే, వంతులు వేసుకునేవారట. చొక్కాల మీద అంకెలు చర్చి ఆడవాళ్ళే కుట్టేవారు. మైదానానికి గీతలు గీసే పని మా తాతయ్య హ్యాల్మర్‌ది.

పంతొమ్మిదివందల ఇరవైనాలుగు నవంబరులో, తాతయ్య చేతికి పొరపాటున నీళ్ళు పోసి చల్లార్చని సున్నం వచ్చింది. పొడిగా ఉన్నంతసేపూ రెండూ ఒకేలా ఉంటాయి; తడి తగిలితే మాత్రం చల్లార్చనిది కాగి ఒళ్ళు కాలుస్తుంది. మధ్యాహ్నం ఆట జోరుమీదుండగా వాన పడింది. రూబెన్ ఎక్‌స్ట్రోమ్ అనే కుర్రాడు బంతి గుండెకి హత్తుకుని ఆ దక్షిణపు గోల్ గీత మీద బోర్లా పడ్డాడు. వాడి మీద ఆరుగురు పడ్డారు. వాళ్ళంతా లేచేసరికి...

రూబెన్ మళ్ళీ వెలుగు చూడలేదు. అప్పటికి వాడికి పంతొమ్మిదేళ్ళు.

నాలుగేళ్ళు ఆట ఆపేశారు. రూబెన్ ఆర్గన్ నేర్చుకుని, మా చర్చిలోనే వాయించేవాడు. తాతయ్య ప్రతి ఆదివారం వాళ్ళ గేటు దగ్గరికి వెళ్ళి, పిలిచి, నిలబడేవాడు. తలుపు తీసేవారు కాదు. పంతొమ్మిదేళ్ళపాటు అలా వెళ్ళి, నలభైమూడులో తాతయ్య దేవుడి దగ్గరికి వెళ్ళిపోయాడు. క్షమించమని అడగనేలేదు... అడిగే వీలే దొరకలేదు.

యుద్ధంలో ఇంకోసారి ఆగిన ఆట, యుద్ధం అయ్యాక మళ్ళీ మొదలైంది. సున్నం బండి నాన్న చేతికొచ్చింది. గీత చెరిగిపోవడం కూడా అప్పుడే మొదలైంది.

"ఏం ఎల్డన్, ఈసారి గీత దెయ్యం చెరిపిందా, మీ ఆవు నాకిందా?" అని ఆటగాళ్ళు నవ్వేవారు.

నాన్న నవ్వేవాడు కాదు. మ్యాచ్ రోజున తెల్లవారకముందే లేచి, మళ్ళీ గీసేవాడు. గీసేముందు సున్నం చిటికెడు నీళ్ళలో వేసి చూసుకునేవాడు. తన చేతి మీదుగా ఇంకొకరి కళ్ళు పోకూడదు — ఆయనకి ఉన్న భయం అదొక్కటే.

నలభైతొమ్మిదిలో ఆఖరి మ్యాచ్. ముందురోజంతా ముసురు. నాన్న ఉత్తరం నుంచి గీసుకుంటూ వచ్చేసరికి దక్షిణపు గోల్ గీత దగ్గర సున్నం అయిపోయింది. పొద్దు వాలిపోయింది. పక్కనే చర్చి గోడ బాగుచేస్తున్న మేస్త్రీ పీపాలు రెండున్నాయి.

"ఎడమ పక్కది చల్లారిన సున్నమే, ఎంత కావాలంటే అంత తీసుకో," అని మేస్త్రీ పొద్దున్నే చెప్పి ఉన్నాడు.

చెప్పినప్పుడు మేస్త్రీ ఇటు తిరిగి నిలబడ్డాడు, నాన్న అటు తిరిగి నిలబడ్డాడు. ఎవరి ఎడమ? ఆ మసకచీకట్లో నాన్నకి ఆ సందేహమే రాలేదు. చేతులకి తొడుగులున్నాయి. చలి. తొందర. రెండు బకెట్లు తెచ్చి, నీళ్ళలో వేసి చూసుకోకుండానే గీసేశాడు.

ఈసారి గీత ఎవరు చెరుపుతారో చూడాలని, అక్కడే ఉంటానని ఇంటికి కబురు చేశాడు. అమ్మ ఫ్లాస్కులో కాఫీ తెచ్చిచ్చింది.

"దెయ్యానికీ కాస్త పొయ్యండి. పాపం, చలిలో పని చేస్తోంది," అని వెళ్ళిపోయింది.

నాన్న బల్ల మీద కూర్చున్నాడు. చర్చి గంట తొమ్మిది కొట్టింది. పది కొట్టింది. పొగమంచు నేలబారున పాకుతోంది...

అప్పుడు కనిపించింది.

గోల్ గీత మీద — మోకాళ్ళ మీద వంగిన మనిషి. ఒంటిచేత్తో గీత తుడుస్తున్నాడు. మెల్లగా. తుడుస్తూ ముందుకు జరుగుతున్నాడు.

నాన్న లేచాడు. నోట్లో కీర్తన మొదలైంది గానీ, రెండో మాట గుర్తు రావడం లేదు.

"ఎ... ఎవరది?"

ఆ మనిషి తల తిప్పాడు. కళ్ళు ఉండవలసిన చోట తెల్లటి మచ్చలు.

"ఎల్డనేనా?" అన్నాడు గుసగుసగా. "దగ్గరికి రా. ఇది వేడిగా ఉంది."

రూబెన్! దెయ్యం కాదు, మనిషే. నాన్నకి పోయిన ఊపిరి తిరిగొచ్చింది.

"మీరా రూబెన్ గారూ! గుండె ఆగిపోయింది. అర్ధరాత్రి ఈ పనేమిటండీ? అది చల్లారిన సున్నమేనండీ—"

"తొడుగు తీసి, నా చెయ్యి పట్టుకుని చూడు."

నాన్న పట్టుకున్నాడు. ఆ అరచేతికి అంటిన సున్నం చురుక్కుమంది. మంచు తగిలిన ప్రతిచోటా ఆ గీత కాగుతోంది. నాన్న వంగి గీత మీద ఉమ్మేశాడు. సన్నగా... సుయ్‌మంది.

రేపు మధ్యాహ్నం ఇరవైరెండుమంది పిల్లలు. ముసురు. ఇదే గీత.

"దేవుడా... నేను కూడానా!" అని నాన్న అక్కడే చతికిలబడ్డాడు.

"ఏడుపు తర్వాత. ముందు పార తే," అన్నాడు రూబెన్.

కాఫీకని అమ్మ ఇచ్చిన చక్కెర నీళ్ళలో కలిపి, సున్నం మంటకి విరుగుడుగా ముందు ఆయన అరచెయ్యి కడిగించి, నాన్న గడ్డితో సహా ఆ మట్టంతా చెక్కాడు. ఎక్కడ ఇంకా వెచ్చగా ఉందో రూబెన్ చెప్పుల్లేని కాలి మడమతో తడిమి చెప్పాడు. నాలుగు బండ్ల మట్టి రైలుకట్ట అవతల గోతిలో పోసేసరికి ఒంటిగంట దాటింది.

అప్పటికి గానీ నాన్నకి అనుమానం రాలేదు. రూబెన్ ఇల్లు ఊరికి అటు చివర, మైలున్నర. చేతికర్ర లేదు. వెంట ఎవరూ లేరు.

"ఒంటరిగా ఎలా వచ్చారండీ? అయినా ఇది వేడి సున్నమని మీకెలా తెలిసింది?"

"నాకేం తెలుసు? మీ నాన్న వచ్చి గేటు దగ్గర పిలిచాడు. ఇన్నేళ్ళలో ఇవాళే తలుపు తీశాను. 'గీత, గీత' అంటూ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు."



"మా నాన్న పోయి... ఆరేళ్ళయింది రూబెన్ గారూ."

"తెలుసు. ఆరోజు ఆర్గన్ వాయించింది నేనే కదా. ప్రతి మ్యాచ్‌కీ ముందు ఒక్కడే వచ్చి తుడుచుకుంటున్నాడట, ఏ సున్నమో అని భయపడి. ఇవాళ మాత్రం తన ఒక్కడివల్ల కాదన్నాడు."

నాన్న చుట్టూ చూశాడు. పొగమంచు తప్ప ఏమీ లేదు. కానీ రూబెన్ ఎడమచెయ్యి... ఇంతసేపూ ఆ చేత్తో ఆయన ఏ పనీ చెయ్యలేదు. అది పక్కకి చాచి, ఎవరి వేళ్ళనో పట్టుకున్నట్టు, ముడుచుకునే ఉంది.

రూబెన్ అటు తిరిగాడు.

"అయిపోయింది హ్యాల్మర్ గారూ," అన్నాడు, పెద్దవాళ్ళతో మాట్లాడేటంత మెత్తగా. "పిల్లలకేం కాదు. నాకూ మీ మీద ఏమీ లేదు. ఇక వదలండి."

ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడిపోయాయట — ఆయన విప్పుతున్నట్టు కాదు... అవతలివాళ్ళు ఒక్కొక్కటే వదులుతున్నట్టు.