మిట్ట వీధి నిమిషాలు

"సరిగ్గా ఎనిమిదింటికి మన వీధి వాల్వు కట్టెయ్. తర్వాత మిట్ట వీధిది తిప్పు. పరధ్యానంగా ఉండకు!" అని అరుస్తూ అమ్మ, పైపు పగిలిన చోటికి పరుగెత్తింది.

వాల్వుల దగ్గర రేడియో ఒక్కతే మిగిలింది. అది ఆ పిల్ల అసలు పేరు కాదు. నోరు మూతపడదని అందరూ అలా పిలుస్తారు. వీధులకు వంతులవారీగా నీళ్లు వదలడం వాళ్లమ్మ ఉద్యోగం. వానలు అంతంతమాత్రమైన చోటు కదా, ట్యాంకు నిండడానికి రెండు రోజులు పడుతుంది. అందుకే వీధికి నలభై నిమిషాలే. అంత పెద్ద పని తనకు అప్పగించేసరికి పదేళ్ల రేడియో కాళ్లు నేల మీద నిలవలేదు.

ఎనిమిదయింది. వాల్వు మీద చెయ్యి వేసింది.

"మా తల్లివి కదూ, ఇంకో పది నిమిషాలు ఉంచవే," అంది బిందెతో వచ్చిన ఎదురింటి దర్జీ అత్త. "డ్రమ్ము సగమే నిండింది. మన వీధి పిల్లవి, మాకు ఆ మాత్రం చెయ్యవా?"

ఇంకో నలుగురు గొంతు కలిపారు. రోజూ తన మాటలకు 'ఇక ఆపవే తల్లీ' అనేవాళ్లే ఇవాళ బతిమాలుతున్నారు! రేడియో ఉబ్బితబ్బిబ్బయింది. పది నిమిషాలు కాస్తా ముప్పై అయిదయ్యాయి.

అప్పుడు మిట్ట వీధి వాల్వు తిప్పింది. కాసేపటికే పైపు గరగరమంది. ట్యాంకు ఖాళీ!

రేడియో వాల్వు అటూ ఇటూ తిప్పి చూసింది. అమ్మ రాగానే జరిగింది చెప్పేసి, "మోటారు వేసెయ్యమ్మా!" అంది ఏడుపు గొంతుతో.

అమ్మ అక్కడే కూలబడింది. "బోరులో నీళ్లు ఊరొద్దూ? ఊరకముందే లాగితే బోరే ఎండిపోతుంది. అప్పుడు ఏ వీధికీ చుక్క ఉండదు."

"మరెప్పుడు?"

"ఎల్లుండి."

"అందాకా వాళ్లెట్లా?"

అమ్మ లేచి మిట్ట వీధి వాల్వు కట్టేసింది. తిట్టినా బాగుండేదనిపించింది రేడియోకు.

పైకి చూస్తే మిట్ట వీధి కనిపిస్తోంది. మొదటింటి పిన్ని ఇంకా కొళాయి దగ్గరే నిలబడి ఉంది. ఆవిడ బిడ్డ పుట్టి పది రోజులే అయింది.

రేడియో తమ వీధికి వెళ్తే, దర్జీ అత్త వాకిలి కడుగుతోంది.

"అత్తా..." అంది రేడియో. "నేను తప్పు చేశాను. మీకిచ్చిన నిమిషాలు మిట్ట వీధి వాళ్లవి. వాళ్లకు నీళ్లు రాలేదు."

అత్త చేతిలో చెంబు ఆగిపోయింది.

"అడిగింది నేనే కదే," అంది నెమ్మదిగా. డ్రమ్ము మూత తీసి బిందె ముంచింది. పక్కింటివాళ్లూ రెండు బిందెలు తెచ్చారు. ఒకాయన మాత్రం తలుపేసుకున్నాడు.

రేడియో ఆ నీళ్లతో ఒక బకెట్టు నింపుకుని, రెండు చేతులతో మోసుకుంటూ మిట్ట ఎక్కింది. నాలుగడుగులకోసారి ఆగింది.

పిన్ని మొహం వెలిగిపోయింది. "మాకోసం తెచ్చావా? ఎంత మంచి పిల్లవే!"

అవునంటే సరిపోయేది. రేడియో తల దించుకుంది.

"కాదు పిన్నీ. ఇవి మీ నీళ్లే. నేనే వేరేవాళ్లకు వదిలేశాను."

పిన్ని బకెట్టు అందుకుంది. నీళ్లు లోపల పోసుకుని, ఖాళీ బకెట్టు తెచ్చి చేతికిచ్చింది.

"పక్కింట్లోనూ చుక్క లేదు," అంది.

రేడియో బకెట్టు అందుకుని కిందికి పరుగెత్తింది.