పొద్దు పలక మీద ఎనిమిదో బొమ్మ

రాజుకు నిద్ర పట్టకపోతే ఊరికి నిద్ర ఉండదంటారు, పిల్లలూ. శిలాకోట రాజ్యంలో అంతకంటే ఘోరమే జరిగింది. అక్కడి రాజు వజ్రకేతుడికి ఏడంతస్తుల కోట కావలసి వచ్చింది. మగవాళ్ళు కొండ పగలగొట్టాలి, ఆడవాళ్ళు రాళ్ళు మోయాలి అని చాటింపు వేయించాడు. చంకలో బిడ్డ, నెత్తిన బండ ఒకేసారి కుదరవు గనక కొండ కింద ఒక పాక వేసి, పదిమంది పసివాళ్ళను గవరి అనే దాదికి అప్పగించారు.

గవరికి పద్దెనిమిదేళ్ళు. పిల్లలను కాయడమంటే బెత్తం పట్టుకుని కూర్చోవడం కాదని ఆమెకు మేనత్త అచ్చాయమ్మ నేర్పింది. పాక గుమ్మం పక్కన ఒక నల్లరాతి పలక ఉండేది. దాని పేరు పొద్దు పలక. రోజూ తెల్లవారగానే గవరి దాని మీద సుద్దతో ఎనిమిది బొమ్మలు గీసేది. ఇసుక కుప్ప గీస్తే ఇసుకలో గూళ్ళు కట్టడం, కడవ గీస్తే నీళ్ళాట, కాకి గీస్తే కథ, చాప గీస్తే నిద్ర. మాటలు రాని పిల్లలు కూడా పలక చూసి తరవాత ఏముందో తెలుసుకునేవాళ్ళు. ఏడు బొమ్మలు రోజుకో రకంగా మారేవి. ఎనిమిదోది మాత్రం ఏనాడూ మారలేదు. అది జిగురు ముంత. అమ్మలు వచ్చే ముందు, ఆ రోజు ఎవరు ఏది విరగ్గొట్టారో వాళ్ళే దాన్ని తుమ్మజిగురుతో అతికించాలి. దాన్ని అతుకుల వేళ అనేవాళ్ళు. మూడేళ్ళ గున్నడు కూడా తాను విరిచిన కొయ్యగుర్రం కాలు తానే అతికించేవాడు, ముక్కుకు కాస్త జిగురు పూసుకుని మరీ.

అచ్చాయమ్మ పోతూ పోతూ ఒకే మాట చెప్పింది. "గుమ్మంలో పిల్ల మొహం చూడకుండా పలక మీద గీత పెట్టకే, అమ్మాయ్." రాత్రి ఎవరు నిద్రపోలేదో, ఎవరింట్లో గొడవైందో, ఎవరు గంజి తాగకుండా వచ్చారో మొహమే చెబుతుంది. ఆ రోజు ఏం చేయాలో ఆ తరవాతి సంగతి.

పదిమంది పిల్లలు సంతోషంగా ఉంటే చప్పుడు కాకుండా ఉంటుందా? వాళ్ళ నవ్వులు కొండెక్కి రాజుగారి మధ్యాహ్నపు నిద్రను చెడగొట్టాయి. ఆయన పళ్ళు కొరుకుతూ ఉండగా పట్టపగలే సభకు కాకోదరి అనే రాక్షసి వచ్చింది. తనకు ముగ్గురు పిల్లలున్నారనీ, ఎంతమంది దాదులను తెచ్చినా తినేస్తున్నారనీ, తన పేరు వింటేనే ఇప్పుడు దాదులు ఊళ్ళు వదిలి పారిపోతున్నారనీ మొర పెట్టుకుంది. ఆ పదిమంది పిల్లల ఊపిరి తనకిస్తే రాజుకు నిద్ర దక్కుతుందనీ, ఆ ఊపిరి కోసం వచ్చే గవరి తనకు దాదిగా దొరుకుతుందనీ అంది. ఒకవేళ ఆ దాది తాను పెట్టే పందెంలో గెలిచి పదిమంది ఊపిరీ తిరిగి తీసుకుపోతే, బదులుగా రాజే తన పిల్లలకు దాదిగా రావాలని షరతు పెట్టింది. రాజు పకపకా నవ్వి చేతిలో చెయ్యి వేశాడు.

రాక్షసి తిన్నగా పాకకు వచ్చి గుప్పెడు బూడిద ఊదింది. పదిమంది పిల్లలూ ఎక్కడివాళ్ళు అక్కడే, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే, పచ్చిమట్టి బొమ్మలైపోయారు. వాళ్ళ ఊపిరిని పది చిన్న సొరబుర్రల్లోకి లాగి, దండగా గుచ్చి మెడలో వేసుకుంది.

"మూడు రోజులు పొద్దు పొడుపు నుంచి పొద్దు గుంకే దాకా నా పిల్లల్ని ఆడించు," అంది గవరితో. "నా పిల్లలు 'తోచడం లేదు' అన్న ప్రతిసారీ నీ వేలొకటి కొరుక్కుంటారు. నీకు ఎన్ని వేళ్ళు మిగిల్తే అన్ని ఊపిర్లు నీవి. పోయిన వేలికి పోయిన ఊపిరి. మా న్యాయంలో మాంసానికి మాంసమే చెల్లు, మరోటి చెల్లదు."

తొలకరికి పదిరోజులే ఉంది. పచ్చిమట్టి బొమ్మల మీద వాన పడితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. అయినా రాజు తల్లులకు ఒక్క పూట సెలవివ్వలేదు. పాకలో చప్పుడు లేదు గదా, ఇంకేం కావాలన్నాడు. ఆ మధ్యాహ్నమే ఒక భటుడి బల్లెం తగిలి గున్నడి బొమ్మకు కుడిచెయ్యి విరిగి పడింది. వాడి తల్లి పైడి ఆ చేతిని ఏరుకుని కొంగులో చుట్టుకుంది. వెనక కొరడా ఉంది గనక ఏడవకుండా మళ్ళీ రాయి ఎత్తుకుంది.

గవరి చిన్న పలక ఒకటి, సుద్దముక్క, జిగురు ముంత మూటగట్టుకుని అడవిలోకి నడిచింది. రాక్షసి గుహకు నాలుగు రోజుల దారి. నడుస్తూనే మూడు రోజులకూ బొమ్మలు మనసులో గీసేసుకుంది. పదిమందిని ఆడించినదాన్ని, ముగ్గురు ఒక లెక్కా అనుకుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, చూడని పిల్లలకు ఆటలు సిద్ధం చేసింది. అచ్చాయమ్మ మాట ఆ దారిలో ఆమెకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

మూడో రోజున ఒక ముని కనిపించాడు. ఆయన గడ్డంలో పిచ్చుకలు గూడు పెట్టి ఉన్నాయి. గవరి కథంతా విని, చెయ్యి పెడితే చాలు కొత్త బొమ్మ వచ్చే సంచి ఒకటి ఇచ్చాడు. బదులుగా ఆమె దారికి తెచ్చుకున్న అటుకుల మూట పూర్తిగా తీసేసుకున్నాడు.

"బొమ్మలుంటే పిల్లలకి ఇంకేం కావాలి, పిల్లా?" అన్నాడు.

మునులకు పిల్లలుండరు. వాళ్ళ సలహాలు కూడా అందుకు తగ్గట్టే ఉంటాయి.

కాకోదరి గుహ ముందు ఒక ముళ్ళచెట్టు, దాని నిండా గాజులు వేలాడుతున్నాయి. అవన్నీ పాత దాదులవి. తెల్లవారగానే రాక్షసి వేటకు పోయింది. ముగ్గురు పిల్లలు బయటికి వచ్చారు. పెద్దవాడు గండడు, రెండోది కొరవి, ఆఖరిది తునక. అప్పటికే గవరి పలక మీద ఎనిమిది బొమ్మలూ గీసి పెట్టింది. సంచి విప్పింది. బొమ్మలు కుప్పలు కుప్పలుగా వచ్చాయి. గండడు ఒకటి విరిచేలోగా ఇంకొకటి, అది విరిచేలోగా మరొకటి. పొద్దు నడినెత్తికి రాకముందే వాళ్ళ కళ్ళు వాడిపోయాయి. ఎన్నయినా వచ్చే బొమ్మల్లో ఏది పోతే ఎవరికి బాధ?

మధ్యాహ్నం పలక మీద చాప బొమ్మ ఉంది. గవరి చాప పరిచి పడుకోమంది. రాక్షసులు పగలు నిద్రపోరన్న సంగతి ఆమెకు అప్పుడు తెలిసింది.

"తోచడం లేదు," అన్నాడు గండడు. ఎడమచేతి చిటికెనవేలు కొరికేశాడు.

"నాకూ తోచడం లేదు," అంది కొరవి. చిటికెనవేలి పక్క వేలు పోయింది.

సాయంత్రం రాక్షసి వచ్చి గవరి చెయ్యి తిప్పి తిప్పి చూసింది. దండలోంచి రెండు సొరబుర్రలు తీసి ముళ్ళచెట్టుకు వేలాడదీసింది. వాటిలో ఎవరి ఊపిరి ఉందో గవరికి తెలియదు. గున్నడిదేమోనన్న భయం పట్టుకుంది. నొప్పి కంటే అదే ఎక్కువగా బాధించింది. తప్పు రాక్షసిది కాదు, మునిది కాదు, మొహాలు చూడకుండా గీత పెట్టిన తనదేనని ఒప్పుకుంది.

రెండో రోజు పలక తుడిచేసి, చేతికి గుడ్డ కట్టుకుని, గుహ గుమ్మంలో నిలబడింది. గండడు వస్తూనే బండను తన్నాడు. వాడి అరచేతులు దురదపెడుతున్నాయి, చేతినిండా పని లేక. కొరవి తల్లి పోయిన దారినే వాసన చూస్తూ నిలబడింది. తునక మూలన కూర్చుని ఒక పచ్చగాజును గుప్పిట్లో దాచుకుంది. గవరి ఇవన్నీ చూసి అప్పుడు సుద్ద పట్టుకుంది.

గండడికి వాగు చూపించి, నీళ్ళు ఆగేలా బండలతో కట్ట కట్టమంది. అది ఉత్తుత్తి ఆట కాదు, నిజం పని. వాడు మధ్యాహ్నం దాకా తల ఎత్తలేదు. కొరవికి పలక ఇచ్చింది. ఒక్కో పని కాగానే ఒక్కో బొమ్మ నువ్వే చెరుపు, అన్నీ చెరిగేసరికి మీ అమ్మ వస్తుందని చెప్పింది. అమ్మ ఎప్పుడొస్తుందో తెలిశాక కొరవి ముక్కు దారి వైపు తిరగలేదు. తునక మాత్రం ఇసుక ముట్టలేదు, నీళ్ళు ముట్టలేదు, కథ వినలేదు. పొద్దు గుంకడానికి అరగడియ ఉందనగా గవరి దగ్గరికి వచ్చి, "తోచడం లేదు," అంది మెల్లగా. ఎడమచేతి నడిమి వేలు పోయింది. చెట్టుకు మూడో సొరబుర్ర ఎక్కింది.

మూడో రోజు పొద్దున గవరి తునక పక్కన కూర్చుంది. అది తన వేలు తిన్న పిల్లే, అయినా పిల్లే గదా. ఆ గాజు ఎవరిదని అడిగింది.

"సూరమ్మది," అంది తునక. "జోల పాడేది. ఇంటికి పోతానంది. పోవద్దన్నాను. పోతానంది. అందుకని తినేశాను." గాజును చెవికి ఆనించుకుని, "తిన్నాక పాడలేదు," అంది.

గవరికి లేచి పారిపోవాలనిపించింది. పది మట్టిబొమ్మలు కళ్ళ ముందు మెదిలి అక్కడే ఉండిపోయింది. ఆ రోజు పలక మీద ఆమె గీసిన ఆటల్లాంటివి ఏ పాకలోనూ ఏ దాదీ గీసి ఉండదు. గండడు గుంట తవ్వాడు. కొరవి గుహంతా వెతికి పాత దాదుల ఎముకలు ఏరి తెచ్చింది. తునక చెట్టుమీది గాజులు ఒక్కొక్కటే దించింది. పాడవలసిన జోల గవరి పాడింది. మట్టి కప్పుతూ ముగ్గురూ వెక్కి వెక్కి ఏడ్చారు. తిన్నవాటి కోసం ఏడవడం వాళ్ళకు అదే మొదటిసారి. ఆ రోజంతా ఎవరూ తోచడం లేదన్న మాట ఎత్తలేదు.

ఇక పలక మీద ఒక్క బొమ్మే మిగిలింది. కొరవి దాని మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగింది. జిగురు ముంత అని, విరగ్గొట్టినవాళ్ళే అతకాలని గవరి చెప్పింది. ముగ్గురూ కూర్చుని మొదటి రోజు విరిచిన బొమ్మలన్నీ అతికించారు. పని అయ్యాక గండడు ఆమె ఎడమచేతి వైపు చూశాడు.

"అవెట్లా అతకాలి, దాదీ?"

"అవి అతకవు, నాయనా," అంది గవరి. వాళ్ళను తిట్టలేదు, ఓదార్చనూ లేదు.

అంతలో కాకోదరి వచ్చింది. గవరి చేతులు చూసి, ఏడు బుర్రలు ముందు పెట్టింది. "మిగిలిన మూడు మట్టిబొమ్మలూ వానలో కరుగుతుంటే నువ్వే పక్కన నిలబడి చూడు," అంటూ నవ్వింది. గండడు లేచి తన చిటికెనవేలు తానే కొరికి తల్లి ముందు పెట్టాడు. కొరవీ పెట్టింది. తునక అందరికంటే ఎక్కువ ఏడ్చి, అయినా పెట్టింది.

"మాంసానికి మాంసం, అమ్మా. విరగ్గొట్టింది మేమే," అన్నాడు గండడు.

రాక్షసుల వేళ్ళు మళ్ళీ మొలుస్తాయా అని అడుగుతారేమో. మొలవవు. రాక్షసి గుహ అదిరేలా అరిచింది, కానీ సొంత న్యాయం తప్పితే ఆమె తల నూరు చెక్కలవుతుంది. చెట్టుమీది మూడు బుర్రలూ దించి విసిరికొట్టింది.

తొలకరికి మూడు రోజులే ఉంది, దారి నాలుగు రోజులు. గండడు గవరిని భుజాన వేసుకుని ఒక్క రోజులో అడవి సగం దాటించి వెనక్కి పోయాడు. మిగిలిన రెండు రోజులు ఆమె తిండి లేకుండా పరుగెత్తింది. పాకకు చేరేసరికి నైరుతి మూల నల్లగా ఉంది. తల్లులు కట్టుచీరలు చింపి బొమ్మల మీద కప్పి ఉంచారు. పైడి తన కొడుకు చేతిని తుమ్మజిగురుతో అతికించి గుడ్డ చుట్టింది. గవరి ఒక్కొక్క బుర్ర విప్పి, లోపలి ఊపిరి సవ్వడి ఎవరిదో గుర్తుపట్టి, ఆ పిల్ల నోట్లో ఊదింది. పదోది గున్నడిది. వాడు కళ్ళు తెరిచేసరికి చినుకు పడింది. వాడి చెయ్యి కాస్త వంకరగా అతుక్కుంది, బతికినన్నాళ్ళూ అలాగే ఉంది. పైడి ఆ వంకర చేతినే ముద్దు పెట్టుకుని, ఇన్నాళ్ళ ఏడుపూ అప్పుడు ఏడ్చింది.

ఆ సాయంత్రమే కాకోదరి వచ్చి, మాట ప్రకారం వజ్రకేతుణ్ణి జుట్టు పట్టి తీసుకుపోయింది. భటులు బల్లేలు కిందికి దించి చూస్తూ నిలబడ్డారు. రాజు లేని కోటకు రాళ్ళెందుకని జనం ఎక్కడివక్కడ పారేశారు. కట్టినంత మేర మొదటి అంతస్తును పిల్లల పాకగా మార్చి, రాజ్యం గవరి చేతిలో పెట్టారు. ఆమె సభ కూడా గుమ్మంలోనే జరిగేది. వచ్చినవాళ్ళ మొహం చూసిన తరవాతే తీర్పు చెప్పేది.

వారం తిరగకముందే ఒక ఉదయం గుమ్మంలో ముగ్గురు కొత్త పిల్లలు నిలబడ్డారు. ఒక్కొక్కరికి తొమ్మిదేసి వేళ్ళు. గున్నడు గవరి వెనక దాక్కున్నాడు.

"మీకు కొత్త దాది ఉన్నాడు గదా?" అంది గవరి.

"అయిపోయాడు," అంది తునక. "మా మొహాలు ఒక్కసారీ చూడలేదు."

ఇక్కడ ఎవరినీ తినకూడదని గవరి చెప్పింది. ముగ్గురూ తలూపారు. సాయంత్రం జిగురు ముంత ఉంటుందా అని కొరవి అడిగింది. గవరి ముగ్గురి మొహాలూ తీరిగ్గా చూసి, మిగిలిన ఏడు వేళ్ళతో సుద్దముక్క అందుకుని, ముందుగా ఎనిమిదో బొమ్మ గీసింది.