అల్రిక్ ఇంట్లో గొట్టాల మోత

మా నూర్‌వీక్ ఊళ్ళో చీకటి పడితే అల్రిక్ ఇంటి పక్క నుంచి ఎవరూ నడవరు. ఆ ఇంట్లో గొట్టాలు వేళాపాళా లేకుండా మోగుతాయి. టంగ్... టంగ్... టంగ్. అల్రిక్ బతికున్న రోజుల నుంచీ అంతే. ఆయన ఒంటరిగా పోయి పదకొండేళ్ళు. అప్పటి నుంచీ ఇల్లు ఖాళీ.

దాన్ని మా కలప మిల్లులో పనిచేసే టోర్కెల్ కొన్నాడు. "పాత గొట్టాలు వేడికీ చలికీ మోగవా? దానికి దెయ్యం పేరెందుకు!" అని నవ్వేవాడు. గదులు వెచ్చబెట్టే ఇనుప రేడియేటర్లన్నీ పీకేసి, నేల కింద కొత్త గొట్టాలు వేయాలని అతని ఆలోచన.

తర్వాత జరిగింది అతను చెప్పగా విన్నదే.

డిసెంబరు నెల. మాకు మధ్యాహ్నం రెండుకే పొద్దుగూకుతుంది. బయట మైనస్ ఇరవై. పని కోసం నీళ్ళు కాచే బాయిలర్ ఆపేశాడు కాబట్టి లోపలా చలే. భార్య ఇల్వా ఉమెయో పట్టణంలో ఆసుపత్రి డ్యూటీలో ఉంది, మర్నాడు గానీ రాదు.

మేడ మీద చివరి రేడియేటర్. నట్లు విప్పాడు. ఇద్దరు మోయాల్సిన బరువును ఒక్కడే కొక్కేల మీంచి ఎత్తబోయాడు...

కాలు జారింది.

ఇనుమంతా నడుం మీద పడింది. లోపల మిగిలిన నల్లటి నీళ్ళు ఒంటి మీద కారాయి. ఫోను కోటు జేబులో ఉంది, కోటు మెట్ల దగ్గర వేలాడుతోంది. చేతికందేది ఒక్కటే – నట్లు విప్పిన రెంచి. పక్కన గోడ వెంట కిందికి దిగే పాత గొట్టం.

కొట్టాడు. టంగ్... టంగ్... టంగ్.

రోడ్డు మీద అడుగుల చప్పుడు. ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ కొట్టాడు.

"విన్నావా?" ఎవరో అమ్మాయి గుసగుస.

"అదే... అదేనే! పరిగెత్తు!"

"ఆగండి!" అని అరిచాడు. చలికి బిగుసుకున్న గొంతులోంచి ఏదో ఊళ వచ్చింది. అడుగులు ఇంకా వేగంగా దూరమయ్యాయి.

తర్వాత కుక్కతో ఒకాయన. కుక్క మొరిగింది. ఆయన దాన్ని ఈడ్చుకుపోయాడు.

ఆ తర్వాత... ఎవరూ లేరు.

తడిసిన చొక్కా గట్టిపడి ఒంటికి అతుక్కుంది. కాళ్ళున్నట్టే తెలియడం లేదు. నిద్ర ముంచుకొస్తోంది. పడుకుంటే లేవనని తెలుసు. "ఇల్వా..." అని గొణుగుతూ కొడుతూనే ఉన్నాడు. మూడు. ఆపి, మూడు. ఆపి, రెండు... చెయ్యి లేవలేదు.

కింద తలుపు కిర్రుమంది.

మెట్ల మీద ఎవరో. ఒక్కో మెట్టూ... ఆగి... ఆగి.

"మనిషివా?" వణుకుతున్న గొంతు. "దెయ్యమైనా సరే, జవాబు చెప్పు!"

"మనిషినే..."

ఎదురింటి గున్‌వోర్. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. నైటీ మీద కోటు, చేతిలో మంచు తోసే పార. ఆ పార కర్రే ఇనుము కింద దూర్చి, పళ్ళు బిగించి, ఒరిగించింది. అంబులెన్సుకు ఫోన్ చేసి, కోటు విప్పి అతనికి కప్పి, చేతులు రుద్దుతూ కూర్చుంది.

టోర్కెల్ బతికాడు. తుంటి విరిగింది, ఏప్రిల్‌కి నడిచాడు. కానీ ఆ రాత్రి గురించి అడిగితే అతను చెప్పేది నొప్పి గురించి కాదు, అంబులెన్సు వచ్చేలోపు ఆ పదిహేను నిమిషాల గురించి.

"అందరూ పారిపోయారు పెద్దమ్మా. నీకు భయం వేయలేదా?"

ఆమె అతని వేళ్ళు రుద్దుతూనే ఉంది.

"అల్రిక్ కూడా ఇలాగే కొట్టాడు నాయనా. ఇక్కడే పడిపోయి... రెండు రోజులు. నాకు వినపడింది."

"దెయ్యం అనుకున్నావా?"

"అనుకోవాలని చూశాను." ఆమె కోటును అతని భుజాల మీదికి లాగింది. "ఆ గొట్టాలు వట్టినే మోగితే లెక్కా పత్రం ఉండదు. ఆ రోజేమో మూడు కొట్టి ఆగుతోంది... మూడు కొట్టి ఆగుతోంది. మనిషేనని నాకు తెలుసు. అయినా తలుపు తీయలేకపోయాను."

"మరేం చేశావు?"

"రేడియో సౌండు పెంచాను."