బెల్లం గడ్డం నల్లబడలేదు

లిఫ్టు ఎక్కినవాళ్ళెవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. పై అంతస్తు ఆవిడ కుక్క మెడలో వ్యథాసూచి పసుపు రంగుకు తిరగగానే మాత్రం అందరూ అయ్యో అన్నారు. పెంపుడు ప్రాణులన్నిటికీ వ్యథాసూచి తొడగాలన్న చట్టం వచ్చాక విశాఖలో పలకరింపులు ఇలాగే తయారయ్యాయి. నరాల్లోని నొప్పిని ఆ మెడపట్టీ చదివి రంగుగా చూపిస్తుంది. ఆకుపచ్చ అయితే సుఖం, ఎరుపయితే నరకం. మనుషులకు నోరుంది కదా అని చట్టం వాళ్ళను వదిలేసింది.

ఇందీవర తన చేతిపలక చూసుకుంది. ఎరుపు. ఇంట్లో బెల్లం మళ్ళీ బాధపడుతోంది.

బెల్లం ఆమె పెంచుకునే గడ్డపుతొండ. ఎక్కడో ఎడారి దేశపు జాతి, ఒళ్ళంతా బెల్లపు రంగు. కీళ్ళలో యూరిక్ ఆమ్లం పేరుకుపోయే జబ్బు దానికి. నయం కాదు, నెట్టుకురావడమే. రోజూ పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో దాని కాళ్ళు నానబెట్టి, చుక్కలమందు వేసి గానీ ఇందీవర ఆఫీసుకు కదలదు. అక్కడ ఉన్నా మనసు దానిమీదే. రంగు మారినప్పుడల్లా ఆమె చేతిపలకలో మాట్లాడితే, ఇంట్లో మెడపట్టీలోంచి ఆ గొంతు పలికేది: "ఏమైంది నాన్నా? నొప్పిగా ఉందా?"

మందు బాగా పనిచేస్తోందని డాక్టరు అంటాడు. పొద్దున ఆకుపచ్చగానే ఉంటుంది కూడా. ఆమె గడప దాటాకే ఎరుపెక్కుతుంది. భర్త సముద్రం మీద గాలిమరల దగ్గర ఉద్యోగం, నెలకోసారి వస్తాడు. మిగతా రోజుల్లో ఇంట్లో ఉండేది మామగారు సింహాచలం ఒక్కరే.

అనుమానం పెనుభూతమంటారు. పోర్టులో క్రేను నడిపి రిటైరైన ఆ మనిషి, బెల్లాన్ని తెచ్చిన రోజే "తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతాదమ్మా" అని నవ్వాడు. చిన్నప్పుడు కొబ్బరి ఈనెతో ఉచ్చు వేసి తొండల్ని ఆడించేవాళ్ళమని కూడా చెప్పాడు. అప్పుడు ఆమె కూడా నవ్వింది. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే ఒళ్ళు మండుతోంది. ఎరుపు ఇలాగే సాగుతోంది కాబట్టి ఈ సాయంత్రం విముక్తి వాహనం పంపుతున్నామని జీవకారుణ్య మండలి నిన్ననే తెలియజేసింది. వాళ్ళు వస్తే ప్రాణం తీసే సూది వేస్తారు, అంతే. అందుకే ఇంట్లో ఏం జరుగుతోందో చూద్దామని ఇందీవర చెప్పాపెట్టకుండా మధ్యాహ్నమే వచ్చేసింది.

చప్పుడు కాకుండా తలుపు తీసింది. సింహాచలం పడక్కుర్చీలో చొక్కా గుండీలు విప్పుకుని పడుకుని ఉన్నాడు. రొమ్ము మీద బెల్లం. దాని మెడలో పట్టీ రక్తంలా ఉంది.

"ఏం చేస్తున్నారు మావయ్యా దాన్ని?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఏటీ సెయ్నేదమ్మా. ఎచ్చగుంటాదని పడుకుంది."

ఆమె బెల్లాన్ని లాక్కున్నంత పని చేసింది. చేతుల్లోకి రాగానే ఎరుపు పసుపయింది, పసుపు ఆకుపచ్చయింది.

"ఇప్పుడేమంటారు?"

ఆయన గోడవైపు తిరిగాడు.

దెబ్బలేమైనా ఉన్నాయేమోనని ఇందీవర బెల్లాన్ని తిప్పి చూసింది. గడ్డం దగ్గర చూపు ఆగింది. నొప్పి పుడితే గడ్డపుతొండ గడ్డం నల్లబడుతుంది. దాన్ని పెంచేవాళ్ళెవరికైనా తెలిసిన సంగతే. పట్టీ వచ్చాక ఆమె ఆ గడ్డం వైపు చూడటమే మానేసింది. ఇప్పుడది తెల్లగా, మెత్తగా ఉంది. బెల్లం అరమోడ్పు కళ్ళతో కునుకు తీస్తోంది.

మళ్ళీ తీసుకెళ్ళి ఆయన రొమ్ము మీద పెట్టింది. పట్టీ ఎర్రబడింది. గడ్డం మాత్రం తెల్లగానే ఉంది.

ఆమె పట్టీ విప్పి బెల్లాన్ని దీపం కింద దాని గూట్లో వదిలింది. ఉత్త పట్టీని ఆయన రొమ్ముకు ఆనించింది. ఎప్పుడూ చూడనంత ముదురు ఎరుపు.

"ఎక్కడ మావయ్యా?"

"నడుం ఎముకలోనమ్మా. పెద్దాసుపత్రోళ్ళు సెప్పేసారు, మందు నేదని. శానా నాళ్ళయింది."

"మాతో ఒక్క ముక్క చెప్పలేదేం?" సిగ్గుపడుతూ అడిగింది.

"సెప్పి మిమ్మల్ని ఏడిపించడమెందుకని." ఆయన పట్టీని వేలితో తడిమాడు. "ఇది గుండెల మీద ఎట్టుకుంటే నీ మాట ఇనబడేది. నొప్పిగా ఉందా నాన్నా అని. దాన్నే అడుగుతున్నావని తెలుసు. అయినా నన్నడిగినట్టే ఉండేది."

చేతిపలక మోగింది. *మీ ప్రాణి బాధ భరించరానిది. విముక్తి వాహనం ముందుగానే బయలుదేరింది.*

ఇందీవర దాన్ని బోర్లించింది. వచ్చేవాళ్ళకు బెల్లం గడ్డం చూపించి గుమ్మంలోంచే పంపేస్తుంది. ఆమె కుర్చీ పక్కన నేలమీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"నొప్పిగా ఉందా నాన్నా?"

సింహాచలం రొమ్ము మీది పట్టీని తీసి పక్కన పెట్టాడు.

"ఉందమ్మా," అన్నాడు. "శానా ఉంది."