వంటింట్లో మాట్లాడిన గొంతు

ఆ ఉదయం అత్తగారు రెండు కప్పుల్లో టీ పోసి, ఒకటి తన ముందు, ఇంకోటి ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ ముందు పెట్టింది. "మందు వేసుకున్నానండీ, ఇప్పుడే వేసుకున్నాను," అని మెల్లగా చెప్పింది. గుమ్మంలో ఉన్న కోడలు అక్కడే ఆగిపోయింది. ఆ కుర్చీ మామగారిది. ఆయన పోయి ఏడాది దాటింది.

కోడలు వెళ్లి భర్తకు చెప్పి, డాక్టరుకు చూపిద్దామంది. అతనికి అసలు సంగతి చెప్పక తప్పలేదు.

అతగాడు ఉద్యోగం మానేసి వ్యాపారమొకటి తలపెట్టాడు. పోయిన ఆత్మీయుల గొంతుతో పెద్దవాళ్లకు మందులు గుర్తుచేసే చిన్న స్పీకరు. పాత ఫోను రికార్డింగుల నుంచి గొంతు తయారవుతుంది. స్నేహితులను, బంధువులను, ఇరుగుపొరుగును అడిగితే అందరూ బ్రహ్మాండమన్నారు. కొంటారా అంటే మాత్రం మాట మార్చారు. మొహమాటం మనకు పుట్టుకతో వచ్చిన జబ్బాయె. అడిగితే ఎవరూ నిజం చెప్పరని, తెలియకుండా వాడిస్తేనే అసలు సంగతి బయటపడుతుందని అతనికి తోచింది. వంటింటి అల్మారాలో డబ్బాల వెనక, తండ్రి గొంతుతో పలికే స్పీకరు పెట్టేశాడు. తల్లికి చెప్పలేదు. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

ఆమె ఉలిక్కిపడి పిలుస్తుందని ఎదురుచూశాడు. ఆమె కిమ్మనలేదు. మందులు మాత్రం వేళకు వేసుకుంటోంది. పరీక్ష నెగ్గిందని లోలోపల పొంగిపోయాడు కూడా.

ఇదంతా విని భార్య నిలువునా మండిపడింది.

"అడిగితే మొహమాటపడతారని సొంత అమ్మ చేత దయ్యంతో కాపురం చేయించారా?"

అతను వంటింట్లోకి వెళ్లి, స్పీకరు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ గొంతు నాన్నది కాదని, ఇదంతా తన పనేనని ఒప్పుకున్నాడు.

తల్లి దాన్ని చేతిలోకి తీసుకుంది. "పిచ్చెక్కిందనుకున్నాన్రా. చెబితే ఆసుపత్రిలో పడేస్తారని నోరు మూసుకున్నా," అంది. ఆపైన, "ఎలా ఉందో నిజం చెప్పాలా?" అని అడిగింది.

"మీ నాన్న ఏనాడూ నన్ను మందు వేసుకున్నావా అని అడగలేదు. కసురుకోవడమే తెలుసు ఆయనకి. నా కాళ్లు వాచిన రోజు మాత్రం, ఉలకకుండా పలకకుండా గిన్నెలన్నీ తోమి బోర్లించారు. ఆ మనిషి నాకు గుర్తు రావడం మానేశారు. ఇందులో ఉన్నాయనే బాగున్నారనిపిస్తోంది. నలభై ఏళ్లు కాపురం చేసి, అలా అనిపించొచ్చా?"

అతనికి దుఃఖం ఆగలేదు. చిన్నపిల్లాడిలా ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాడు. ఆమె అతని జుట్టు నిమిరింది. కోడలు కళ్లు తుడుచుకుంటూ పక్కన వచ్చి కూర్చుంది. ఈ వ్యాపారమే వద్దని, రేపే అంతా చెరిపేస్తానని అతను మాటిచ్చాడు.

"రేపు కాదు, ఇప్పుడే చెరిపెయ్," అంది తల్లి. "రేపటికి నేనే వద్దంటాను."